చెన్నై ఉభయచరాలు: చింతాద్రిపేట చుట్టుపక్కల కప్పల పరిశీలన

చెన్నై నగరంలో సహజంగా జీవించే ఉభయచరాలు కప్పలు, గోదురు కప్పలు మాత్రమే. తోక ఉన్న ఉభయచరాలైన సలమాండర్లు దక్షిణ భారతంలో ఎక్కడా లేవు. కూవం నది వంపులో ఉన్న చింతాద్రిపేట నుంచి గిండీ జాతీయ ఉద్యానం, అడయారు పూంగా, పళ్లికరణై చిత్తడినేల ఒక్క పూటలో వెళ్లి రాగల దూరంలో ఉన్నాయి. ఈ మూడు చోట్లతో పాటు పేట వీధుల్లోని పాత ఇళ్ల పెరళ్లు, గుడి కోనేళ్లు, పార్కులు, ఖాళీ స్థలాల్లోని వాన గుంటలు కూడా కప్పలకు ఆవాసాలే. ఇక్కడి కప్పల జీవితం చాలావరకు ఈశాన్య రుతుపవనాల చేతిలో ఉంటుంది. కప్పలు ఎప్పుడు బయటికి వస్తాయో, ఎక్కడ గుడ్లు పెడతాయో, వాటి పిల్లలు బతుకుతాయో లేదో నిర్ణయించేది వాన నీరు నిలిచే చోటు, అది నిలిచి ఉండే రోజులు. ఉభయచరాల పరిశీలన అంటే వాన వెంట, నిలిచిన నీటి వెంట నడవడమే.

స్థలం, నీరు

చింతాద్రిపేట 1730ల్లో మద్రాసు గవర్నరు జార్జి మోర్టన్ పిట్ కాలంలో ఏర్పడిన నేతగాళ్ల పేట. వర్తకుడు సుంకురామ శెట్టి తోట ఉన్న స్థలంలో ఈస్టిండియా కంపెనీ నేతపనివారిని, నూలు వడికేవారిని, బట్టలకు అద్దకం వేసేవారిని, చాకలివారిని కుదిర్చింది. కూవం నది ఈ పేటను మూడు వైపులా చుట్టి వస్తుంది. నేతకు, ఉతుకుకు నీరు దగ్గరగా ఉండటం ఈ చోటుకున్న సౌకర్యాల్లో ఒకటి. ఆ నాటి కూవం వేరు, ఇప్పటి కూవం వేరు. నగరపు మురుగు కలిసిన ఈ నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువ. గుడ్ల నుంచి వచ్చి మొప్పలతో ఊపిరి పీల్చే తోకకప్పలు అలాంటి నీటిలో బతకడం కష్టం. అందుకే నది ఒడ్డున ఉన్నా, పేటలోని కప్పలు ఆధారపడేది నది నీటి మీద కాదు, వాన నీటి మీద.

పాత మద్రాసు చెరువుల ఊరు. మైలాపూరు వైపు విస్తరించి ఉన్న పెద్ద చెరువును 1920ల్లో పూడ్చి త్యాగరాయ నగర్ కట్టారు. నుంగంబాకం చెరువు ఉన్న చోట 1976లో వళ్లువర్ కోట్టం వెలిసింది. చెరువులు పోయినా వాటి పల్లపు నేల పోలేదు. వాన పడితే నీరు నేటికీ ఆ పల్లాల్లోకే చేరుతుంది. ‘చెరువు నిండితే కప్పలు చేరవా’ అనే తెలుగు సామెత చెన్నైలో పూడ్చిన చెరువుల విషయంలో కూడా నిజమే.

వానల కాలం, కప్పల కాలం

తెలుగు జిల్లాల్లో కప్పల సందడి జూన్, జూలై నెలల్లో నైరుతి రుతుపవనాలతో మొదలవుతుంది. చెన్నైలో అలా కాదు. నగరంలో ఏడాదికి సగటున సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురిస్తే, అందులో దాదాపు 60 శాతం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల, బంగాళాఖాతపు వాయుగుండాల వల్ల పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అప్పుడప్పుడు సాయంత్రపు ఉరుముల వానలు వస్తాయి. ఈ రెండు విడతలకు తగ్గట్టే కప్పల ఏడాది కూడా నడుస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో చాలా కప్పలు మట్టిలోనో, రాళ్ల కిందో, చెట్టు తొర్రల్లోనో కదలకుండా ఉండిపోతాయి. దీన్ని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. ఉరుముల వానలకు కొన్ని జాతులు బయటికి వచ్చి అరుస్తాయి. కొన్ని గుడ్లు కూడా పెడతాయి. అయితే ఆ గుంటలు వారం, పది రోజుల్లో ఎండిపోతే ఆ విడత పిల్లలన్నీ చస్తాయి. అక్టోబరు తరువాత నీరు వారాల తరబడి నిలుస్తుంది గనుక ప్రజననం ఎక్కువగా ఫలించేది ఆ నెలల్లోనే. డిసెంబరు, జనవరి నెలల్లో గడ్డి మొదళ్లలో గోరంత కప్పపిల్లలు గుంపులుగా కనిపిస్తాయి. వాన గుంటల్లో పెరిగే చాలా జాతుల తోకకప్పలకు కప్పలుగా మారే రూపవిక్రియ పూర్తి కావడానికి సుమారు నెల, నెలన్నర పడుతుంది. గుంట కనీసం అన్నాళ్లు ఎండకుండా ఉండాలి.

అధ్యయన చరిత్ర

దక్షిణ భారత కప్పలను శాస్త్రీయంగా వర్ణించిన తొలి పుస్తకాల్లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త యోహాన్ గొట్లోబ్ ష్నైడర్ 1799లో ప్రచురించినది ముఖ్యమైనది. నేడు చెన్నైలో ప్రతి వీధిలో కనిపించే గోదురు కప్పకు, నీటిపై గెంతే కప్పకు, నేలలో దాగే రెండు జాతులకు శాస్త్రీయ నామాలు ఆ పుస్తకం నుంచే వచ్చాయి.

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ పక్షుల పరిశోధకుడిగా ప్రసిద్ధుడు. నెల్లూరులో ఉద్యోగం చేసిన ఈయన 1853లో దక్షిణాది కప్పలను కూడా వర్ణించాడు. ఒక బావురు కప్ప జాతి నేటికీ జెర్డన్ పేరుతోనే వ్యవహారంలో ఉంది. ఫెర్డినాండ్ స్టోలిచ్కా 1872లో వర్ణించిన ఒక చిన్న మచ్చల కప్ప నమూనా మన ఏలూరు నుంచి సేకరించినది. యూపెరోడాన్ వేరిగేటస్ అనే ఆ కప్ప చెన్నై ప్రాంతంలోనూ ఉంది. తెలుగు తీరానికీ తమిళ తీరానికీ కప్పల విషయంలో పెద్ద తేడా లేదనడానికి ఇదొక ఉదాహరణ.

కూవం దాటితే చింతాద్రిపేటకు అవతల ఎగ్మూరులో ఉన్న ప్రభుత్వ మ్యూజియం 1851లో ప్రారంభమైంది. 1885 నుంచి 1908 వరకు దాని సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ 1888లో దక్షిణ భారతపు కప్పలు, గోదురు కప్పలు, కాళ్లు లేని ఉభయచరాలైన సిసీలియన్లపై ఒక పట్టిక ప్రచురించాడు. అదే థర్‌స్టన్ కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణాది కులాలు, తెగలపై వెలువరించిన ఏడు సంపుటాల గ్రంథంలో తెలుగు పల్లెల కప్ప పూజల గురించి రాశాడు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి బెంగళూరు సెంట్రల్ కళాశాలలో జంతుశాస్త్ర విభాగాన్ని నిర్మించిన సి.ఆర్. నారాయణరావు 20వ శతాబ్ది తొలి సగంలో దక్షిణాది కప్పలపై విస్తృతంగా పనిచేశాడు. రావోర్కెస్టిస్ అనే పొదకప్పల ప్రజాతికి 2010లో ఆయన పేరు పెట్టారు. గోదురు కప్ప ప్రజాతి డట్టాఫ్రైనస్ పేరులో ఉన్నది ఒడిశాకు చెందిన శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు. మద్రాసు నేచురలిస్ట్స్ సొసైటీ 1978లో ఏర్పడింది. దాని పత్రిక ‘బ్లాక్‌బక్’ నగర పరిసరాల జీవజాలం గురించి స్థానికులు రాసిన పరిశీలనలను ప్రచురిస్తూ వచ్చింది.

ప్రధాన జాతులు

గోదురు కప్ప. శాస్త్రీయ నామం డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. తమిళులు దీన్ని తేరై అంటారు. పొడి చర్మం, ఒళ్లంతా బుడిపెలు, కళ్ల వెనక ఉబ్బిన రెండు విషగ్రంథులు, తల మీద నల్లని గట్లు దీని గుర్తులు. గెంతడం కన్నా నడవడం ఎక్కువ. వీధి దీపం కింద రాలే పురుగుల కోసం రాత్రిళ్లు కాచుకొని కూర్చుంటుంది. మగది నీటి అంచున కూర్చొని క్ర్ర్‌ర్‌ర్ అంటూ ఆపకుండా సాగదీస్తుంది. గుడ్లు జిగురు దారాల్లో వరసగా ఉంటాయి. తోకకప్పలు నల్లగా ఉండి గుంపులుగా తిరుగుతాయి. దీన్ని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్న భయానికి ఆధారం లేదు. పులిపిర్లకు కారణం వైరస్. అయితే గ్రంథుల నుంచి వచ్చే పాలవంటి స్రావం కంట్లో పడితే మండుతుంది. నోట కరిచిన కుక్కలకు ప్రమాదం.

నీటిపై గెంతే కప్ప. యూఫ్లిక్టిస్ సయనోఫ్లిక్టిస్. అలికిడి అయితే నీటి ఉపరితలం మీద టపటపా గెంతుకుంటూ పారిపోతుంది. కళ్లు, ముక్కు మాత్రం పైకి పెట్టి తేలుతూ ఉంటుంది. కొంత మురుగును కూడా తట్టుకుంటుంది కాబట్టి నగరపు కాలువల్లో, కోనేళ్లలో ఏడాది పొడుగునా కనిపించే కప్ప ఇదే. కొత్తగా పరిశీలన మొదలుపెట్టేవారికి పగటిపూట కూడా దొరికే జాతి.

పచ్చ చెరువు కప్ప. ఒకప్పటి పాఠ్యపుస్తకాల్లో రానా హెక్సాడాక్టైలా. ఇంటర్మీడియట్, డిగ్రీ ప్రయోగశాలల్లో కోతకు వాడిన కప్పల్లో ఇదొకటి. తామర, గుర్రపుడెక్క ఆకులున్న నిలకడ నీటిలో ఉంటుంది. ఎదిగిన కప్పలు మాంసాహారులన్న సాధారణ సూత్రానికి ఇది మినహాయింపు. ఇంద్రనీల్ దాస్ 1996లో ప్రచురించిన అధ్యయనం పెద్ద కప్పల ఆహారంలో ఆకులదే పెద్ద వాటా అని చూపింది. కప్పల్లో ఇది చాలా అరుదైన విషయం.

బావురు కప్పలు. పెద్దది హోప్లోబాట్రాకస్ టైగరినస్, పాత పేరు రానా టిగ్రినా. పదిహేను సెంటీమీటర్లకు మించి పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ఉండే మగకప్ప తొలి భారీ వాన పడిన రాత్రి నిమ్మపండు పసుపుకు మారుతుంది. గొంతుకు ఇరువైపులా నీలి రంగు స్వరకోశాలు ఉబ్బుతాయి. బావురుమనే ఆ అరుపు చాలా దూరం వినిపిస్తుంది. ఈ రంగు, ఈ గుంపు కొద్ది రోజులే ఉంటాయి. దాని తోకకప్పలు ఇతర జాతుల తోకకప్పలను, దోమ పిల్లలను తింటాయి. జెర్డన్ బావురు కప్ప దీనికన్నా చిన్నది, బొద్దుగా ఉంటుంది. తీర మైదానంలో మడుగుల దగ్గర ఎక్కువ.

నేల తవ్వే కప్పలు. స్ఫీరోథీకా బ్రెవిసెప్స్, యూపెరోడాన్ సిస్టోమా, యూపెరోడాన్ టాప్రొబానికస్ ఈ గుంపులో చెప్పుకోదగ్గవి. వెనక కాళ్ల అరికాలిలో గట్టి బుడిపె ఉంటుంది. దానితో మట్టిని పక్కకు నెడుతూ వెనక్కి వెనక్కి భూమిలోకి దిగిపోతాయి. సిస్టోమా గుండ్రని ఒళ్లు, చిన్న నోరు ఉన్న కప్ప. చెదలు, చీమలు దాని ఆహారం. ఏడాదిలో కొద్ది వాన రాత్రులు తప్ప బయట కనబడదు. టాప్రొబానికస్ వీపు మీద ఎర్రని, ఇటుక రంగు పట్టీలు ఉంటాయి. మగది ఒళ్లంతా ఉబ్బించి నీటి మీద తేలుతూ ఊఁ అని గంభీరంగా మూలుగుతుంది. ఇది పాత గోడల పగుళ్లలో, పూలకుండీల కింద కూడా దొరుకుతుంది.

చిట్టి కప్పలు. మైక్రోహైలా ఆర్నేటా రెండు, రెండున్నర సెంటీమీటర్ల కప్ప. వీపు మీద ముదురు రంగు బొమ్మ ఉంటుంది. దీని ఎర్రని బంధువు మైక్రోహైలా రూబ్రాను జెర్డన్ వర్ణించాడు. ఆర్నేటా అరుపు మాత్రం ఒంటికి పది రెట్లు. దువ్వెన పళ్ల మీద గోరు గట్టిగా గీసినట్టు ఉంటుంది. ఒకటి మొదలుపెడితే గుంట మొత్తం అందుకుంటుంది. తోకకప్పలు పారదర్శకంగా ఉండి నీటి మధ్యలో కదలకుండా తేలుతాయి. కాళ్ల ముద్రలంత లోతు నీరున్నా ఈ కప్పలు గుడ్లు పెట్టగలవు.

చెట్టు కప్ప. పాలిపెడేట్స్ మాక్యులేటస్. పొడుగు కాళ్లు, వేళ్ల చివర గుండ్రని అంటుడు బిళ్లలు. పెరటి స్నానాల గదిలో, నీళ్ల ట్యాంకు మూత కింద, అరటి ఆకుల మొదట్లో పగలు ముడుచుకొని ఉంటుంది. చర్మం నుంచి వచ్చే నూనెలాంటి స్రావాన్ని కాళ్లతో ఒళ్లంతా పూసుకొని తేమ పోకుండా చూసుకోవడం దీని నేర్పు. జత కట్టినప్పుడు ఆడది జిగురు స్రావాన్ని కాళ్లతో చిలికి తెల్లని నురగ గూడు కడుతుంది. నీటి పైన ఉన్న కొమ్మకో, ట్యాంకు గోడకో ఈ గూడు అంటుకుని ఉంటుంది. నాలుగైదు రోజులకు పిల్లలు అందులోంచి జారి నీటిలో పడతాయి. అరుపు టక్, టక్, టకటక అని తెగి తెగి వినిపిస్తుంది.

సలమాండర్లు, సిసీలియన్లు

ఉభయచరాల్లో మూడు వర్గాలు ఉన్నాయి. కప్పలు, తోక ఉన్న సలమాండర్లు, కాళ్లు లేని సిసీలియన్లు. ప్రపంచంలో 8,700కు పైగా ఉభయచర జాతులు గుర్తించారు. భారతదేశంలో 450కి పైగా ఉన్నాయి. వీటిలో అత్యధిక భాగం కప్పలే.

మన దేశంలో సలమాండర్లు ఈశాన్య ప్రాంతానికి, తూర్పు హిమాలయాలకే పరిమితం. డార్జిలింగ్ కొండల చెరువుల్లో ఉండే జాతిని 2015లో హిమాలయ సలమాండర్‌గా వేరుచేసి వర్ణించారు. అక్కడి జోర్‌పోఖ్రిలో దాని కోసం ఒక అభయారణ్యం ఉంది. సలమాండర్ల వంశం ఉత్తర ఖండాల్లో పుట్టి పెరిగింది. భారత భూభాగం దక్షిణ మహాఖండమైన గోండ్వానా నుంచి విడివడి ఆసియాను ఢీకొన్న తరువాతే అవి హిమాలయ పాదాలకు చేరగలిగాయి. వేడి మైదానాలు దాటి దక్షిణానికి రాలేకపోయాయి.

సిసీలియన్లు ఇందుకు విరుద్ధం. గోండ్వానా నాటి వంశం కాబట్టి పశ్చిమ కనుమల్లో చాలా జాతులు ఉన్నాయి. తూర్పు కనుమల్లో శ్రీకాకుళానికి ఎగువన, ఒడిశాలోని మహేంద్రగిరిలో దొరికిన ఒక జాతిని 2013లో వర్ణించారు. చూపుకు పెద్ద వానపాముల్లా ఉండి మట్టిలోనే బతుకుతాయి.

చెన్నైలో సలమాండర్ చూశామని చెప్పేవారు సాధారణంగా చూసింది నలికిరినో, బల్లినో, లేక కాళ్లు వచ్చినా తోక ఇంకా పోని కప్పపిల్లనో అయి ఉంటుంది. నలికిరి ఒంటి మీద పొలుసులు, వేళ్లకు గోళ్లు ఉంటాయి. సలమాండర్‌కు పొలుసులు ఉండవు, చర్మం తడిగా ఉంటుంది. నలికిరిని, బల్లిని వేరుచేయడానికి ఈ తేడా చాలు.

చూడదగ్గ చోట్లు

గిండీ జాతీయ ఉద్యానం సుమారు 270 హెక్టార్ల అడవి. నగరం నడిబొడ్డున ఉన్న ఈ పొడి సతతహరిత వనం 1978లో జాతీయ ఉద్యానమైంది. జింకలకు, కృష్ణజింకలకు పేరుపొందినా, లోపలి కుంటలు, వాన కాలంలో మాత్రమే నిండే పల్లాలు కప్పలకు మంచి ఆవాసాలు. లోపలి అడవిలోకి వెళ్లడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. పక్కనే ఉన్న పిల్లల పార్కు, సర్పాల పార్కు సందర్శకులకు తెరిచి ఉంటాయి. ఒకప్పుడు ఈ అడవిలో భాగమైన ఐఐటీ ప్రాంగణంలోనూ వాన గుంటలు ఉన్నాయి.

పళ్లికరణై చిత్తడినేల నగరానికి దక్షిణంగా ఉంది. చెత్తకుప్పలు, కట్టడాల వల్ల కుంచించుకుపోయిన ఈ మడుగులో 2007లో 317 హెక్టార్లను రిజర్వు అడవిగా ప్రకటించారు. 2022లో సుమారు 1,248 హెక్టార్లు అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరాయి. ఇక్కడ పది ఉభయచర జాతులు నమోదయ్యాయి. చింతాద్రిపేట స్టేషనులో ఎంఆర్‌టీఎస్ రైలు ఎక్కితే 2007లో పొడిగించిన మార్గంలో పెరుంగుడి, వేలచ్చేరి స్టేషన్లకు నేరుగా చేరవచ్చు.

అడయారు పూంగా 58 ఎకరాల పునరుద్ధరిత చిత్తడి. 2011లో ప్రారంభమైంది. కప్పలకు ఉప్పు నీరు పడదు. కాబట్టి సముద్రపు పోటు చేరే వైపు కన్నా వాన నీరు నిలిచే లోపలి కుంటల దగ్గర వెతకాలి. ఎక్కడికీ వెళ్లలేనివారికి పేటలోనే ఒకప్పుడు నేపియర్ పార్కుగా పేరున్న మే డే పార్కు, గుడి కోనేళ్ల పరిసరాలు, ఇంటి పెరడు ఉన్నాయి.

పరిశీలన పద్ధతి

కప్పలను వెతకడానికి చెవి మొదటి సాధనం, టార్చి రెండోది. వాన ఆగిన గంట తరువాత, రాత్రి ఏడు నుంచి పది మధ్య అరుపులు బాగా వినిపిస్తాయి. ముందు కొంత సేపు దీపం ఆర్పి నిలబడి ఎన్ని రకాల గొంతులు ఉన్నాయో లెక్కించాలి. తరువాత ఒక్కొక్క గొంతు వైపు నెమ్మదిగా నడవాలి. దగ్గరికి వెళ్లగానే అరుపులు ఆగిపోతాయి. కదలకుండా ఉంటే మళ్లీ మొదలవుతాయి. టార్చి వెలుగులో కప్ప కళ్లు మెరుస్తాయి. ఆ వెలుగును కళ్లలోకి ఎక్కువ సేపు కొట్టకూడదు.

నమోదు చేయవలసినవి తేదీ, సమయం, చోటు, ఎన్ని రోజుల కిందట వాన పడింది, నీటి లోతు, నీటిలో చేపలున్నాయా, గుడ్లు ఏ రూపంలో ఉన్నాయి అన్న విషయాలు. గుడ్ల రూపమే జాతిని చాలావరకు చెబుతుంది. జిగురు దారాలైతే గోదురు కప్ప, నీటి పైన నురగ గూడైతే చెట్టు కప్ప, నీటి మీద పలచని పొరలా పరిచి ఉంటే చిట్టి కప్పల బంధువులు. మొబైల్‌లో అరుపును రికార్డు చేసి, ఫొటోతో పాటు ఐనాచురలిస్ట్ వంటి వేదికల్లో పెడితే నిపుణులు పేరు సరిచూస్తారు. ఒకే గుంటను ప్రతి ఏడూ గమనించిన చిన్న పుస్తకం, ఒక్కసారి పది చోట్లు చుట్టిన జాబితా కన్నా ఎక్కువ చెబుతుంది.

కప్పలు చర్మంతో కూడా ఊపిరి పీలుస్తాయి, నీళ్లు పీల్చుకుంటాయి. దోమల మందు, సబ్బు, ఉప్పు అంటిన చేతితో పట్టుకుంటే వాటికి హాని. పట్టుకోకుండా చూడటమే మేలు. ఒక గుంటలోని బురద కాళ్లతో మరో గుంటలోకి దిగకూడదు. ఉభయచరాలను చంపే కైట్రిడ్ శిలీంధ్రం నీటి ద్వారా పాకుతుంది. దాన్ని 1999లో వర్ణించారు. ప్రపంచంలో అనేక జాతులు దానివల్ల అంతరించాయి.

పరిశీలకుల క్షేమం కూడా ముఖ్యమే. కప్పలున్న చోట జెర్రిపోతులు, నీటిపాములు, త్రాచులు తిరుగుతాయి. చీలమండలు కప్పే గట్టి బూట్లు వేసుకోవాలి, చేయి పెట్టే ముందు వెలుగు వేసి చూడాలి. నగరపు వరద నీటిలో లెప్టోస్పైరోసిస్ అనే వ్యాధి ప్రమాదం ఉంది. కాలి మీద పుండ్లుంటే నీటిలో దిగకూడదు. జాతీయ ఉద్యానంలో ఏ జీవినీ పట్టుకోవడం, తీసుకుపోవడం చట్టరీత్యా నేరం.

లోకాచారంలో కప్ప

వాన రానప్పుడు కప్పకు పూజ చేయడం తెలుగు పల్లెల్లో పాత ఆచారం. థర్‌స్టన్ 1909 నాటి గ్రంథంలో కాపు స్త్రీలు కొత్త వెదురు చేటకు బతికున్న కప్పను కట్టి, వేపాకులు పరిచి, ఇంటింటికీ పాడుకుంటూ వెళ్లడాన్ని వర్ణించాడు. ఇంటి ఇల్లాలు కప్ప మీద నీళ్లు పోసి బిచ్చం వేసేది. రోకలికి కప్పను కట్టి పిల్లలు తిరిగే కప్పతల్లి ఆట, కప్పల పెళ్లి ఇప్పటికీ తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో కరువు ఏళ్లలో వార్తల్లోకి వస్తూనే ఉంటాయి. వీటిలో కప్పకు బాధ ఉంది. తేమ లేని ఎండలో ఎక్కువ సేపు కట్టి ఉంచితే కప్ప చనిపోతుంది. అయితే కప్ప అరుపుకూ వానకూ ఉన్న సంబంధాన్ని రైతులు శాస్త్రజ్ఞుల కన్నా ముందే గమనించారన్నది కూడా నిజం.

ముప్పులు, రక్షణ

1970లు, 80ల్లో భారతదేశం ఏటా వేల టన్నుల కప్ప కాళ్లను యూరప్, అమెరికాలకు ఎగుమతి చేసింది. బావురు కప్ప, పచ్చ చెరువు కప్ప ఈ వ్యాపారానికి ఎక్కువగా బలయ్యాయి. 1985లో ఈ రెండు జాతులు అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు రెండో అనుబంధంలో చేరాయి. 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. కళాశాలల్లో కప్పల కోతను క్రమంగా తగ్గించాలని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది.

నేటి ముప్పు వేరు. 2023లో వెలువడిన ప్రపంచ అంచనా ప్రకారం ఉభయచర జాతుల్లో 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. చెన్నైలోని సామాన్య జాతులు ఆ జాబితాలో లేవు. కానీ ఒక జాతి దేశంలో సురక్షితంగా ఉండగానే ఒక పేట నుంచి మాయం కావచ్చు. ఖాళీ స్థలాలకు సిమెంటు పరవడం, పెరళ్లను కార్ల కోసం చదును చేయడం, వాన నీటిని గంటలో కాలువలోకి నెట్టేయడం వల్ల కప్పలకు గుడ్లు పెట్టే చోటు పోతోంది. పునరుద్ధరణ పేరుతో చెరువు గట్లను నిలువు రాతి గోడలుగా కడితే, కాళ్లు వచ్చిన పిల్లలు ఒడ్డెక్కలేక నీటిలోనే చస్తాయి. దోమల నివారణకని వదిలే గంబూసియా చేపలు, పెంపకపు తిలాపియా చేపలు కప్ప గుడ్లను, తోకకప్పలను తినేస్తాయి. గుంటలో కప్పలు ఉండటమే దోమలకు కొంత అడ్డు. శ్రీలంకలో 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కొన్ని జాతుల తోకకప్పలు డెంగీ దోమ గుడ్లను తిన్నట్టు తేలింది.

చెరువును ఏడాదంతా నిండుగా, చేపలతో, రాతి గట్లతో చూడాలన్న నగరవాసుల కోరికకూ కప్పల అవసరానికీ పొత్తు కుదరదు. చాలా కప్పలకు కావలసింది అక్టోబరులో నిండి, ఫిబ్రవరిలో ఎండిపోయే లోతు తక్కువ పల్లం. ఎండిపోతుంది కాబట్టే అందులో చేపలు ఉండవు, చేపలు లేవు కాబట్టే తోకకప్పలు బతుకుతాయి. ఇలాంటి పల్లాలకు పటంలో పేరు ఉండదు, ప్రభుత్వ లెక్కల్లో అవి బంజరు. పూడ్చడానికి ఎవరి అనుమతీ అడగనవసరం లేని నీటి వనరులు ఇవే.

పార్కుల్లో, బడి ఆవరణల్లో, గుడి తోటల్లో, అపార్ట్‌మెంట్ ప్రాంగణాల్లో వాన నీరు ఆరు వారాలు నిలిచే ఒక పల్లాన్ని వాలు గట్లతో, చేపలు వదలకుండా, పురుగుమందు చల్లకుండా ఉంచితే చాలు. కప్పలను తెచ్చి వదలనవసరం లేదు, అవే వస్తాయి. చింతాద్రిపేట వంటి కిక్కిరిసిన పేటలో కూడా ఇది సాధ్యమే. మీ వీధిలో వాన నీరు ఎక్కడ నిలుస్తుందో ఈ ఈశాన్య రుతుపవనాల్లో గుర్తించండి. దాన్ని పూడ్చే ప్రతిపాదన వచ్చినప్పుడు, అందులో ఏ కప్పలు అరిచాయో చెప్పగల పరిశీలకులు ఆ వీధిలో ఉండాలి.